చప్పుడు లేని బండి

బండి కొనడం గురించి రాద్దామని కూర్చుంటే ముందు దెబ్బలే గుర్తుకొచ్చాయి. మా ఇంట్లో కొట్టడానికి వేళాపాళా ఉండేది కాదు. నాయన మమ్మల్ని చెర్నాకోలతో కొట్టేవాడు, అమ్మను చేత్తో కొట్టేవాడు, ఎద్దుల్ని రెంటితోనూ కొట్టేవాడు. నేను తమ్ముణ్ణి కొట్టేవాణ్ణి. పెద్దయ్యాక సైన్సు టీచరునై, బెత్తం పట్టకూడదని పైనుంచి ఆర్డర్లు వచ్చేదాకా, ఆత్మకూరు చుట్టుపక్కల బళ్లలో ఊళ్లోవాళ్ల పిల్లల్ని కొట్టాను. దెబ్బకు దెయ్యం వదులుతుందని నాయన అనేవాడు. నేనూ అదే అన్నాను. మా ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తనివాడు తమ్ముడొక్కడే. వాడికి చేతగాదనుకున్నాను.

మాది ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో ఒక మెట్ట పల్లె. నాయన పోయాక ఆస్తి పంచుకుంటుంటే అమ్మ ఒకటే షరతు పెట్టింది. అన్నీ పంచుకోండి, ఒక్క వస్తువు మాత్రం పంచుకోకుండా ఉంచండి అంది. ఆమె పుట్టింట్లో ఆ పద్ధతి ఉండేదట. రోలో, గంగాళమో, ఎద్దులబండో ఏదో ఒకటి ఇద్దరిదిగా ఉంటే, దానికోసమైనా అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కుతారని. అట్లా మాకు మొదట ఎద్దులబండి మిగిలింది. అది పుచ్చిపోయాక ఇద్దరం కలిసి ఒక పాత డీజిల్ జీపు కొన్నాం. నెలలో సగం రోజులు తమ్ముడి నిమ్మతోట పనులకు, సగం రోజులు ఆత్మకూరులో నా దగ్గర. ఆ జీపు స్టార్ట్ చేస్తే పక్క ఊళ్లో కుక్కలు లేచేవి. నాకు ఆ మోత వింటే తలనొప్పి. వాడికి మాత్రం ఆ జీపంటే ప్రాణం.

ఇద్దరం కలిసి పోయేటప్పుడు వాడెప్పుడూ తోలేవాడు కాదు. "నువ్వే తోలన్నా" అని తాళం నా చేతిలో పెట్టి ఎడమపక్క సీట్లో కూర్చునేవాడు. పెద్దవాడికి ఇచ్చే మర్యాద అనుకుని లోపల్లోపల మురిసేవాణ్ణి. ఒక్కసారి నాకు జ్వరమొచ్చి వాడు తోలాడు. దారి పొడుగునా పక్కన కూర్చుని నేను ఏదో చెబుతూనే ఉన్నాను, ఒక్కదానికీ బదులు లేదు. బండి చేతికొచ్చేసరికి వీడికి పొగరెక్కిందని, దిగాక వీపు మీద ఒకటి వేశాను. అప్పటికి వాడికి నలభై దాటాయి.

కిందటి ఎండాకాలం ఆ జీపు ఉదయగిరి దుర్గం కింద ఆగిపోయింది. మెకానిక్ బానెట్ మూసి, "ఇంక లేపొద్దు సార్, పోనీండి" అన్నాడు, మనిషి గురించి చెప్పినట్టు. అమ్మ అప్పటికే లేదు. ఇంకో బండి ఇద్దరం కలిసి కొంటే సరి, లేదంటే మేం అన్నదమ్ములం అనడానికి ఇంటిపేరు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే బండి మాట ఎత్తడానికి ఇద్దరికీ భయంగానే ఉండింది.

నేను రిటైరై ఉన్నాను. చేతినిండా తీరిక, ఫోనునిండా వీడియోలు. చూడగా చూడగా రెండు బళ్లు నా బుర్రలో నిలిచాయి. రెండూ ఎత్తుగా, ఘాట్ రోడ్డు ఎక్కేవే. రెండింట్లోనూ పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. నెల్లూరు షోరూములో ఉన్నది మామూలు హైబ్రిడ్. దాని బ్యాటరీ చిన్నది. బ్రేకు వేసినప్పుడు, ఇంజను తిరిగినప్పుడు దానంతటదే నిండుతుంది, మనం ప్లగ్గు పెట్టే పనిలేదు. కానీ దారిలో చాలాసేపు ఇంజను మోగుతూనే ఉంటుంది. రెండోది ప్లగ్-ఇన్. బ్యాటరీ పెద్దది. ఇంట్లో ప్లగ్గుకు తగిలించి చార్జి చేస్తే, అది అయిపోయేదాకా ఇంజను నిద్ర కూడా లేవదు. అట్లాంటిది కొత్తది మనలాంటివాళ్లు కొనేది కాదు గానీ, మా తోటి టీచరు అల్లుడు మద్రాసులో తాను వాడినది అమ్ముతానన్నాడు. సైన్సు చెప్పినవాణ్ణి, నా మనసు ఎటు మొగ్గి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఊరికెళ్లి తమ్ముడి వసారాలో కూర్చుని, క్యాలెండరు కాగితం తిప్పి బొమ్మ గీసి రెండు బళ్ల సంగతీ చెప్పాను. వాడు నా ఎడంపక్కకొచ్చి కూర్చుని శ్రద్ధగా విన్నాడు. విని, "మామూలుదే తీసుకుందాం అన్నా" అన్నాడు.

"ఎందుకురా?"

"మన ఊళ్లో వోల్టేజీ ఏడుండాది?"

స్టెబిలైజరు పెట్టిస్తానన్నాను. బ్యాటరీ పాడైతే ఎవడు బాగుచేస్తాడన్నాడు. దానికీ జవాబు చెప్పాను. పాత బండి కదా అన్నాడు. మన జీపు కంటే కొత్తదేలేరా అన్నాను. బళ్లో మొద్దు పిల్లాడి లెక్క దిద్దినట్టు వాడి మాటలన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయాను. చివరికి వాడు తల వంచుకుని, "చప్పుడు లేకుండా పోతాదంటివే. బండన్నాక చప్పుడుండాల" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. లోకమంతా చప్పుడు లేని బండి కావాలని చస్తుంటే వీడికి చప్పుడు కావాలట. "నీకు చెప్పడం చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది" అన్నాను. లోపల మరదలి చేతిలోంచి ఏదో గిన్నె జారి పడింది. ఆమె గుమ్మంలోకి వచ్చింది, ఏదో అనబోయింది. తమ్ముడు చెయ్యి అడ్డంగా ఊపి ఆపాడు. నాకు ఆ సైగ అర్థం కాలేదు, అర్థం కానిదేదైనా నాకు కోపమే. చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు విసిరికొట్టాను. అది ద్వారబంధానికి తగిలి సొట్టపోయింది. వాడు లేచి గ్లాసు తీసి, సొట్ట బొటనవేలితో తడిమి చూసి, కడగమని మరదలికిచ్చాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

మాటతో ఒప్పుకోనివాడు చూస్తే ఒప్పుకుంటాడనుకున్నాను. రెండు వారాలకు మద్రాసు అల్లుడు ఆత్మకూరులో అత్తగారింటికి ఆ బండిలోనే వచ్చాడు. ఒక్కరోజు ఇమ్మని అడిగి, పొద్దున్నే నేనొక్కణ్ణే బయల్దేరాను. దారిలో చార్జి మిగుల్చుకోవడానికి ఒక బటను ఉందని అతను చూపించాడు. అందుకని ఉదయగిరి దాకా ఇంజను మీద పోయి, అక్కణ్ణుంచి కరెంటు మీద పెట్టాను. ఏం చెప్పను ఆ సుఖం! ఆ రాళ్లదారిలో నలభై ఏళ్లు ఎముకలు కదిలేట్టు తిరిగినవాణ్ణి. టైర్ల కింద గులకరాళ్లు చిటపటమనడం తప్ప ఇంకేమీ వినపడలేదు. చిన్నపిల్లాడిలా నాలో నేనే నవ్వుకున్నాను.

తమ్ముడు వాకిట్లో నిమ్మకాయల బస్తాలు కుడుతున్నాడు, వీపు నా వైపు పెట్టి. బండిని మెల్లగా వాడి వెనక్కి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి తెచ్చి ఆపాను. వాడికి తెలియలేదు. అద్దం దించి "ఒరేయ్!" అని అరిచాను. వాడు ఎగిరి అవతల పడ్డాడు. లేచి చూసిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చూసినావా, పిల్లి మాదిరి వచ్చినాది!" అని పగలబడి నవ్వాను.

వాడు నవ్వలేదు. గోనె కుట్టే దబ్బనం బస్తాకు గుచ్చాడు. "అన్నా, ఈ బండి నా వాకిట్లోకి రాకూడదు" అన్నాడు.

"ఎందుకు రాకూడదో చెప్పరా."

"రాకూడదు. అంతే."

వాడు నాకు అంత తెగేసి ఎదురు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చొక్కా పట్టుకుని లాగాను, పై గుండీ తెగి దుమ్ములో పడింది. "నీకు వద్దంటే పో, నేనొక్కణ్ణే కొంటా. ఇంక ఉమ్మడీ లేదు, గిమ్మడీ లేదు!" అని అరిచాను. అమ్మ పెట్టిన షరతును నా నోటితో నేనే తెంపాను. వాడు "నీ ఇష్టం అన్నా" అని వంగి గుండీ వెతుక్కున్నాడు.

బండెక్కి డోరు ఈడ్చి కొట్టి రివర్సు వేశాను. హారను కొట్టలేదు. లోపల ఏదో పీకు పీకుమని అరుస్తూ ఉంది. పొద్దుటినుంచీ అది కోడిపిల్లకూ అరుస్తోంది, కంపకూ అరుస్తోంది, లెక్కచేయలేదు. నేను బండెక్కేలోగా తమ్ముడు గుండీ సంగతి వదిలేసి, బస్తా ఒకటి ఎత్తుకుని వెనకపక్కగా నడిచి పోతున్నాడట. బండి వాడి ఎడమవైపునుంచి వచ్చింది. దడేల్మని తగిలాక బ్రేకు తొక్కాను. దిగి చూస్తే వాడు కుడితితొట్టికి ఆనుకుని పడి ఉన్నాడు, ఎడమకాలు మోకాటి కింద వంగకూడని చోట వంగి ఉంది. చుట్టూ నిమ్మకాయలు.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా దాటెయ్యాలని చాలా రోజులు అనుకున్నాను. వాణ్ణి అట్లా చూసిన క్షణంలో నాకు జాలి కలగలేదు. నన్ను సాధించడానికే కావాలని అడ్డం నిలబడ్డాడనిపించింది. వంగి, చెంప మీద, ఎడమచెవి మీద సాచి కొట్టాను. "చెవుడారా నీకు? బండి వస్తా ఉంటే వినపళ్లా?"

ఆ వెంటనే నా భుజం మీద పడింది దెబ్బ. మరదలు. కాయలు దులిపే దోటి రెండు చేతులా పట్టుకుని ఉంది. రెండో దెబ్బ బండి వెనక అద్దానికి తగిలి అద్దం ముక్కలై రాలింది. ముప్పై ఏళ్లుగా నన్ను "బావగారూ, మీరు" అన్న మనిషి. "అవును, చెవుడే! ఆ చెవి వినపడదు. ఎవురు చేసినారో తెలుసా? నువ్వు చేసినావు. దూడ కాదు, నువ్వు!" అంది.

దూడ అనగానే నాకు తెలిసిపోయింది.

నాకప్పుడు పదమూడేళ్లు, వాడికి పది. దూడను కట్టేయడం వాడు మరిచిపోతే అది పాలన్నీ తాగేసింది. పాలకు కాపలా నేను కాబట్టి నాయన నన్ను చెర్నాకోలతో వాతలు తేలేట్టు కొట్టాడు. ఆ మంటంతా నేను వాడి చెవి మీద దించాను. వాడు మట్టిగోడకు కొట్టుకుని పడ్డాడు, చెవిలోంచి నెత్తురొచ్చింది. అమ్మ చీరకొంగుతో తుడిచి, నాయనతో దూడ తన్నిందని చెప్పింది. ఆ అబద్ధం నాకు తెలుసు. పిల్లల దెబ్బ, మానిపోయిందనుకున్నాను.

ఇంజను కూడా మోగని ఆ బండిలోనే వాణ్ణి ఉదయగిరికి, అక్కడ కాదంటే ఆత్మకూరుకు తీసుకొచ్చాను. వెనక సీట్లో మరదలి ఒడిలో తలపెట్టి పడుకున్నాడు. పగిలిన అద్దంలోంచి దుమ్మంతా లోపలికి కొడుతోంది. నేను తోలుతూ, ఏడుస్తూ, క్షమించమని, నాకు తెలీదని, దారంతా చెప్పుకుంటూ వచ్చాను. చాలాసేపటికి మరదలు అంది, "ఎవురికి చెప్తా ఉండావు? ఆయన మంచి చెవి నా ఒళ్లో ఉండాది." ముందున్న చిన్న అద్దంలో చూశాను. నిజమే, కుడిచెవి కింద పెట్టి పడుకున్నాడు. కాలు నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నా మాట ఒక్కటీ వాడికి చేరలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఎట్లా విరిగిందని అడిగాడు. నేను నోరు తెరవబోయాను. తమ్ముడు ముందే చెప్పాడు. "దూడ తన్నినాది సార్."

డాక్టరు కాలు చూసి, నన్ను చూసి, "ఎంత పెద్ద దూడయ్యా అది" అన్నాడు.

సిమెంటు కట్టు కడుతుండగా వరండాలో మరదలు మిగతాది చెప్పింది. అప్పట్లో అమ్మ వాణ్ణి ఇదే ఆత్మకూరుకు తెచ్చి చూపించిందట. కర్ణభేరి చినిగిపోయింది, ఆ చెవి ఇంక రాదని డాక్టరు చెప్పాడట. నాయనకు తెలిస్తే పెద్దోణ్ణి చంపేస్తాడని, వాడితో బైబిలు మీద చెయ్యి వేయించి ఎవరికీ చెప్పనని మాట తీసుకుందట. తాను తోలేటప్పుడు నేను ఎడమపక్క కూర్చుంటే నా మాట వినపడదు కాబట్టే తాళం ఎప్పుడూ నాకిచ్చేవాడట. వాకిట్లో ఉన్నప్పుడు దూరంగా జీపు మోత వినపడితే మంచి చెవితోనే కనిపెట్టి పక్కకు తప్పుకునేవాడట.

"నాయన పోయినాకన్నా చెప్పకూడదా?" అన్నాను.

"నేనూ అడిగినా. ఇన్నేళ్లు చెప్పకుండా ఇప్పుడు చెప్తే, ఎందుకు చెప్పలేదని మళ్లీ కొడతాడని నవ్వినాడు" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. "నెలనెలా బల్ల ముందర పాస్టరుగారు అడిగినప్పుడల్లా నేను మోచేత్తో పొడస్తానే ఉంటా, లేసి చెప్పమని. లేవడు."

ఆ బల్ల సంగతి చెప్పాలి. మాది బాప్టిస్టు సంఘం. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. మా ఊరి గుళ్లో దానికి ముందు పాస్టరు, "సహోదరుని మీద ఎవరికైనా ఏమైనా ఉందా?" అని మూడుసార్లు అడుగుతాడు. ఎవరైనా ఉందని లేస్తే, ఆ ఇద్దరూ బయటికి పోవాలి. సమాధానపడేదాకా ఇద్దరికీ బల్ల లేదు. నేను ఎక్కడ పనిచేసినా మొదటి ఆదివారం ఊరికి పోయేవాణ్ణి. తమ్ముడు ఎప్పుడూ లేవలేదు. లేవలేదంటే ఏమీ లేదనే అనుకున్నాను.

మద్రాసు అల్లుడి బండికి అద్దం వేయించి ఇచ్చేశాను. అదే వారం నెల్లూరు వెళ్లి మామూలు హైబ్రిడ్ బుక్ చేశాను, ఇద్దరి పేర్ల మీద. రంగు కూడా వాడికి ఇష్టమని తెల్లదే ఎంచాను. రసీదు జేబులో పెట్టుకుని షోరూము మెట్లు దిగుతుంటే గుండె మీద బరువు దిగినట్టనిపించింది. వాడు అడిగిన బండే కదా, తప్పు దిద్దుకున్నాను, అమ్మ షరతూ నిలబెట్టాను. ఫోను చేసి చెబితే వాడు "ఊఁ" అని పెట్టేశాడు. సంతోషంలో మాట రాలేదేమో అనుకున్నాను.

మొదటి ఆదివారం వచ్చింది. తమ్ముడు చంకకర్రతో వచ్చి, రెండు బెంచీల ముందు కూర్చున్నాడు. పాస్టరు ఒకసారి అడిగాడు. రెండుసార్లు అడిగాడు. నేను తల వంచుకుని రొట్టె కోసం కాచుకుని ఉన్నాను. మూడోసారి అడిగేసరికి చంకకర్ర నేలకు తగిలిన చప్పుడైంది.

"ఉండాది" అన్నాడు తమ్ముడు.

గుడంతా వెనక్కి తిరిగింది. వాడు నిలబడటానికి ముందు బెంచీ పట్టుకున్నాడు. "మా అన్న మీద ఉండాది అయ్యగారూ. చెవి సంగతి గాదు, అప్పుడు చిన్నోడు. కాలు సంగతీ గాదు. ఏనాడూ నన్ను అడగడు. కొట్టేటప్పుడు అడగలా. బండి చూసేటప్పుడు అడగలా. తప్పు తెలిసినాక, దిద్దుకునేటప్పుడన్నా అడగలా. పోయి బుక్ చేసి, నాకు ఫోన్ చేసినాడు."

నా పిడికిలి బిగుసుకుంది. అంతమందిలో పరువు తీసినందుకు లేచి కొట్టాలనిపించింది. అప్పటికీ, అన్నీ తెలిశాక కూడా, ముందు వచ్చింది అదే. చేతిని తొడకింద పెట్టి దాని మీద కూర్చున్నాను. వేళ్లు తిమ్మిరెక్కాక లేచి బయటికి నడిచాను. చంకకర్ర టకటకమంటూ నా వెనకే వచ్చింది. బల్ల ఒక్క నెల కూడా తప్పనివాడు, నాతోపాటు తానూ వదులుకున్నాడు.

బయట మోటారుసైకిళ్ల పక్కన అరుగు మీద వాడు కూర్చున్నాడు. అలవాటుగా వాడి ఎడమపక్కకు పోయి, "నాది తప్పేరా" అన్నాను. వాడు ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చి, చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చాను. లోపల పాట మొదలైంది.

"ఏ బండి తీసుకుందాంరా?" అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"ఆలోచించి చెప్తా" అన్నాడు.

మర్నాడే నెల్లూరు బుకింగు రద్దు చేశాను. ఇది జరిగి ఆరు నెలలు. మొదటి ఆదివారం రాగానే ఆత్మకూరులో బస్సెక్కి, ఉదయగిరిలో దిగి, సీతారామపురం బస్సు కోసం గంటలు గంటలు నిలబడతాను. కోపం వస్తుంది, రాదని చెప్పను. గుళ్లో బల్ల వేళకు ఇద్దరం లేచి బయటికొస్తాం. నేను వాడి కుడిపక్కకు పోయి అడుగుతాను. వాడు ఆలోచిస్తా ఉండా అంటాడు. కట్టు విప్పారు, చంకకర్ర పోయింది, కాస్త కుంటు మిగిలింది.

పోయిన నెల మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పాడు. "ఏది కొన్నా నేనే తోలతా. నువ్వు పక్కన గాదు, వెనక సీట్లో కుడిపక్క కూర్చో. నా చెవి కాడ." సరేరా అన్నాను. ఏ బండో ఇంకా చెప్పలేదు.